స్విచ్ పోర్టు ఏ వీలాన్‌కు చెందినది? – పరీక్షించు విధానము

ఒక కళాశాలలో ఆఫీసు, కంప్యూటరు ప్రయోగశాల, గ్రంథాలయము ఒకే అంతస్తులో ఉన్నవని అనుకొందము. ఆఫీసు కంప్యూటర్లలో విద్యార్థుల మార్కులు, ఫీజుల లెక్కలు, ఉద్యోగుల జీతముల పట్టికలు ఉండును. ప్రయోగశాలలో గంటకొక తరగతి వచ్చి కూర్చుండును. గ్రంథాలయములోని కంప్యూటరును ఎవరైనను వాడవచ్చును. ఈ మూడు చోట్ల నుండి వచ్చు తీగలన్నియు గోడకు బిగించిన ఒక పెట్టెలో ఒకే యంత్రమునకు చేరును. ఆ యంత్రమే నెట్‌వర్క్ స్విచ్. దీపము వెలిగించు స్విచ్చుకును దీనికిని పేరులో తప్ప పోలిక లేదు. తీగ దూర్చుటకు దీనిలో వరుసగా అమర్చిన రంధ్రములను పోర్టులు అందురు. 8, 24, 48 పోర్టులుగల స్విచ్చులు సామాన్యముగా వాడుకలో ఉన్నవి.

తీగలన్నియు ఒకే యంత్రమున కలిసినను, ప్రయోగశాలలో కూర్చున్న విద్యార్థి ఆఫీసు కంప్యూటరును పలుకరింపరాదు. ఇందుకు కావలసిన అడ్డుగోడను ఇటుకలతో గాక సంఖ్యలతో కట్టుదురు. దానికే వీలాన్ అని పేరు. ‘వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్క్’ అను ఆంగ్ల నామమునకు ఇది సంక్షేపము. తెలుగున దీనిని ‘కల్పిత స్థానిక జాలము’ అనవచ్చును. ఇటుక గోడకు కన్నము పడినచో కంటికి కనబడును. సంఖ్యల గోడకు కన్నము పడినచో ఎవరికిని కనబడదు. అందరి కంప్యూటర్లును యథాప్రకారము పని చేయుచునే ఉండును. కావున ఏ పోర్టునకు ఏ సంఖ్య కేటాయించితిమని కాగితముపై వ్రాసికొన్నామో, నిజముగా ఆ సంఖ్యయే అమలులో ఉన్నదా అని పరీక్షించుట అవసరము. ఆ పరీక్ష ఎట్లు జరుగునో ఈ వ్యాసము వివరించును.

స్విచ్ చేయు పని

కంప్యూటర్లను తీగతో కలుపు ఈథర్‌నెట్ పద్ధతికి 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయములో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు రూపము కల్పించిరి. ఈ పద్ధతిలో సమాచారము చిన్న చిన్న మూటలుగా సాగును. ఒక్కొక్క మూటకు ఫ్రేము అని పేరు. ప్రతి ఫ్రేము మొదట చేరవలసిన యంత్రము చిరునామా, దాని వెంట పంపిన యంత్రము చిరునామా ఉండును. 48 బిట్ల పొడవుగల ఈ చిరునామాను మ్యాక్ చిరునామా అందురు.

ఫ్రేము ఒక పోర్టులో ప్రవేశించగానే స్విచ్ పంపినవాని చిరునామాను చదివి, ‘ఈ చిరునామా ఈ పోర్టువైపు ఉన్నది’ అని తన పట్టికలో వ్రాసికొనును. తరువాత ఆ చిరునామాకు ఫ్రేము వచ్చినచో సరిగా ఆ పోర్టుకే పంపును. కొంతకాలము ఆ చిరునామా నుండి ఏ ఫ్రేమును రానిచో ఆ పంక్తిని తుడిచివేయును. ఈ గడువు సాధారణముగా 300 సెకండ్లు. అందరికి ఉద్దేశింపబడిన ఫ్రేము వచ్చినచో దానిని అన్ని పోర్టులకును పంపును. ఈ చాటింపునకు బ్రాడ్‌కాస్ట్ అని పేరు. వీలాన్ లేని స్విచ్చులో ఈ చాటింపు ఆఫీసునకు, ప్రయోగశాలకు, గ్రంథాలయమునకు సమానముగా వినబడును.

ఫ్రేమునకు కట్టు గుర్తు

ఒకే స్విచ్చును పెక్కు స్విచ్చులవలె విభజించు ఆలోచనకు 1980 ప్రాంతపు దశాబ్దములో బెల్‌కోర్ పరిశోధకుడు డేవిడ్ సిన్‌కాస్కీ ఆద్యుడుగా పేర్కొనబడుచున్నాడు. దీనికి అందరును అంగీకరించు ప్రమాణము 1998లో వెలువడినది. దాని పేరు ఐ.ఇ.ఇ.ఇ. 802.1క్యూ. ఈ ప్రమాణము ప్రకారము ఫ్రేములో పంపినవాని చిరునామా ముగిసిన వెంటనే 4 బైట్ల పొడవుగల ఒక గుర్తును చేర్చుదురు. దీనిని ట్యాగు అందురు. దీనివలన ఫ్రేము గరిష్ఠ పరిమాణము 1518 బైట్ల నుండి 1522 బైట్లకు పెరిగినది.

లాండ్రీ దుకాణమును చూచినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. పది ఇళ్ల బట్టలను ఒకే తొట్టిలో వేయుటకు ముందు ప్రతి బట్టకును ఇంటి గుర్తు కట్టుదురు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఇంటికి అప్పగించునపుడు ఆ గుర్తు విప్పివేయుదురు. ఇంటివారికి గుర్తుతో పని లేదు. స్విచ్ కూడ ఇట్లే చేయును.

ట్యాగులోని మొదటి రెండు బైట్లు పదునారు అంకెల లెక్కలో 81 00 అని ఉండును. ‘ఇచ్చట ట్యాగు ఉన్నది’ అని తెలుపుటయే వాని పని. మిగిలిన రెండు బైట్లలో, అనగా 16 బిట్లలో, మొదటి 3 బిట్లు ఆ ఫ్రేము ప్రాధాన్యమును, తరువాతి 1 బిట్టు రద్దీ సమయమున దానిని ముందుగా వదలివేయవచ్చునా లేదా అనుదానిని, చివరి 12 బిట్లు వీలాన్ సంఖ్యను తెలుపును. 12 బిట్లతో 4096 సంఖ్యలు ఏర్పడును. వానిలో 0, 4095 ప్రత్యేక కార్యములకై కేటాయింపబడినవి గనుక మిగిలినవి 4094.

ఒక ఉదాహరణము చూతము. ఫ్రేములో 81 00 60 14 అని కనబడినది. 60 14 ను ద్వియాంశ పద్ధతిలో వ్రాసినచో 0110 0000 0001 0100 అగును. మొదటి మూడు బిట్లు 011 గనుక ప్రాధాన్యము 3. తరువాతి బిట్టు 0. చివరి పండ్రెండు బిట్లు 0000 0001 0100. దీని విలువ 16 + 4, అనగా 20. కావున ఆ ఫ్రేము 20వ వీలాన్‌కు చెందినది.

యాక్సెస్ పోర్టు, ట్రంకు పోర్టు

కంప్యూటరు వంటి యంత్రమునకు పోవు పోర్టును యాక్సెస్ పోర్టు అందురు. ఇది ఒకే వీలాన్‌కు చెందును. లోనికి వచ్చు ఫ్రేమునకు ట్యాగు ఉండదు. స్విచ్ తన సెట్టింగును బట్టి దానికి వీలాన్ సంఖ్య నిర్ణయించును. ఒక స్విచ్చును మరియొక స్విచ్చుతో కలుపు పోర్టును ట్రంకు పోర్టు అందురు. దీనిలో పెక్కు వీలాన్‌ల ఫ్రేములు ట్యాగులతో ప్రయాణము చేయును. ట్యాగు లేని ఫ్రేము ట్రంకులో వచ్చినచో అది ఏ వీలాన్‌కు చెందునో ముందుగా ఒప్పందము చేసికొందురు. దానికి నేటివ్ వీలాన్ అని పేరు.

కొత్తగా కొన్న స్విచ్చులో సాధారణముగా పోర్టులన్నియు 1వ వీలాన్‌లో ఉండును. ఏ పోర్టును మార్చుట మరచితిమో అది అక్కడనే నిలిచిపోవును.

ముందుగా కావలసినది పట్టిక

పరీక్ష అనగా ఉండవలసినదానిని ఉన్నదానితో పోల్చుట. ఉండవలసినది వ్రాతలో లేనిచో పోల్చుటకు ఏమియు ఉండదు. పై కళాశాలలోని 24 పోర్టుల స్విచ్చునకు పట్టిక ఇట్లున్నదని ఊహింతము: 1 నుండి 8 వరకు పోర్టులు ఆఫీసునకు, 10వ వీలాన్, 9 నుండి 20 వరకు ప్రయోగశాలకు, 20వ వీలాన్, 21 నుండి 23 వరకు గ్రంథాలయమునకు, 30వ వీలాన్, 24వది ట్రంకు. పోర్టు సంఖ్యతో పాటు గది పేరు, గోడలోని సాకెట్టు సంఖ్య, అక్కడి కంప్యూటరు మ్యాక్ చిరునామా కూడ వ్రాసికొనవలెను. ఈ చివరి అంశము ఎందుకు ముఖ్యమో ముందు తెలియగలదు.

మొదటి సాక్ష్యము: స్విచ్ సెట్టింగులు

స్విచ్చునే అడుగుట మొదటి మెట్టు. సిస్కో సంస్థవారి స్విచ్చులలో ‘షో వీలాన్ బ్రీఫ్’ అను ఆజ్ఞ టైపు చేసినచో ప్రతి వీలాన్ సంఖ్య, దాని పేరు, దానికి చెందిన పోర్టులు వరుసగా కనబడును. లైనక్సు యంత్రమును స్విచ్చుగా వాడుచోట ‘బ్రిడ్జ్ వీలాన్ షో’ అను ఆజ్ఞ ఇట్టి సమాచారమునే ఇచ్చును. పేర్లు వేరైనను ప్రతి తయారీదారుని స్విచ్చులోను ఇట్టి సాధనము కలదు.

ఈ జాబితాను చదువువారు మూడు విషయములలో పొరబడుదురు. పనిచేయుచున్న ట్రంకు పోర్టు సిస్కో జాబితాలో ఏ వీలాన్ క్రిందను కనబడదు. పోర్టు మాయమైనదని కంగారు పడక, ‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్’ అను ఆజ్ఞతో చూడవలెను. ఒక వీలాన్‌ను ఎవరైన తొలగించినచో దానికి చెందిన యాక్సెస్ పోర్టులు 1వ వీలాన్‌కు తిరిగి పోవు; అవి నిష్క్రియములై, ఆ జాబితాలో ఎచ్చటను కనబడవు. ఆ వీలాన్‌ను మరల సృష్టించువరకు, లేదా పోర్టులను వేరొకదానికి మార్చువరకు ఆ యంత్రములు మూగవోవును. మూడవది, ఇచ్చిన ఆజ్ఞకును నడచుచున్న స్థితికిని భేదము ఉండవచ్చును. ‘షో ఇంటర్‌ఫేసెస్ స్విచ్‌పోర్ట్’ అను ఆజ్ఞ ఈ రెండింటిని వేరువేరు పంక్తులలో చూపును. ఎదుటి యంత్రముతో సంప్రదించి యాక్సెస్ గానో ట్రంకు గానో మారుటకు అనుమతింపబడిన పోర్టు, యాక్సెస్ అని తలచినది, ట్రంకుగా నడచుచుండవచ్చును. అట్టి పోర్టులో ఒక్క వీలాన్ గాక అన్నియు ప్రవహింపగలవు.

వాడుకరి పేరును, సంకేతపదమును అడిగి, జవాబును బట్టి వీలాన్ నిర్ణయించు పద్ధతియు కలదు. దీనికి 802.1ఎక్స్ అని పేరు. ఇట్టి చోట సెట్టింగులలో వ్రాసిన సంఖ్య ఒకటి, అమలులోని సంఖ్య వేరొకటి అగుట తప్పు కాదు. పరీక్షకుడు అమలులోని సంఖ్యనే చూడవలెను.

చౌక రకపు స్విచ్చులలో మరియొక చిక్కు కలదు. వానిలో లోనికి వచ్చు ఫ్రేమునకు ఏ సంఖ్య ఇయ్యవలెనో ఒకచోట, ఏ వీలాన్ ఫ్రేములను వెలుపలికి పంపవలెనో వేరొకచోట వ్రాయవలసి యుండును. మొదటిదానిని పివిఐడి అందురు. 15వ పోర్టునకు పివిఐడి 20 అని మార్చి, వెలుపలి జాబితాలో 10వ వీలాన్‌నే ఉంచినచో ఆ కంప్యూటరు పలుకు మాటలు ఒక వీలాన్‌లోనికి పోవును, వినబడు మాటలు వేరొక వీలాన్ నుండి వచ్చును. కొన్ని స్విచ్చులు ఇట్టి ఫ్రేములను లోనికే రానీయవు. రెండు విధములను ఆ యంత్రము పని చేయదు. కాబట్టి రెండు పట్టికలను సరిచూడవలెను.

బిట్లతో పోల్చుట

స్విచ్చులు పది, ఇరువది ఉన్నచోట కంటితో చదువుట శ్రమ. స్విచ్చులను దూరము నుండి ప్రశ్నించుటకు ఎస్‌ఎన్‌ఎంపీ అను పద్ధతి కలదు. దీని ద్వారా ఒక్కొక్క వీలాన్‌కు చెందిన పోర్టులను బిట్ల వరుసగా పొందవచ్చును. పోర్టు ఆ వీలాన్‌లో ఉన్నచో 1, లేనిచో 0. ఎడమ చివరి బిట్టు 1వ పోర్టునకు గుర్తు. ట్యాగు లేకుండ పంపు పోర్టుల వరుస చూచినచో, 20వ వీలాన్‌కు ఉండవలసినది:

00000000 11111111 11110000

స్విచ్ ఇచ్చిన జవాబు:

00000000 11101111 11110000

ఈ రెండు వరుసలలో బిట్టునకు బిట్టు పోల్చి, సమానమైనచోట 0, భిన్నమైనచోట 1 వ్రాయవలెను. ఎలక్ట్రానిక్సు పాఠములలో వచ్చు ‘ఎక్స్-ఆర్’ ద్వారము చేయు పని ఇదియే. వచ్చు ఫలితము:

00000000 00010000 00000000

ఎడమ నుండి లెక్కింపగా ఆ 1 పండ్రెండవ స్థానమున ఉన్నది. అనగా 12వ పోర్టులో దోషము కలదు. 10వ వీలాన్ వరుసను ఇట్లే పోల్చినపుడు కూడ 12వ స్థానముననే భేదము వచ్చినచో, ఆ పోర్టు ప్రయోగశాల నుండి తొలగి ఆఫీసు వీలాన్‌లో చేరియున్నదని తేలును. ప్రయోగశాలలోని ఆ ఒక్క బల్ల వద్ద కూర్చున్నవానికి మార్కుల పట్టికలున్న కంప్యూటర్లు పొరుగు యంత్రములైనవి. బల్లపై నున్న కంప్యూటరును చూచి ఈ సంగతి ఎవరును చెప్పలేరు.

రెండవ సాక్ష్యము: మ్యాక్ పట్టిక

12వ పోర్టును సరిదిద్దిన పిమ్మట బిట్ల వరుసలన్నియు సరిపోయినవి. పరీక్ష ముగిసినదా? ముగియలేదు. పెట్టె శుభ్రము చేయుటకు వచ్చిన వ్యక్తి 8వ పోర్టు తీగను, 9వ పోర్టు తీగను పీకి, తారుమారుగా పెట్టినాడని అనుకొందము. స్విచ్ సెట్టింగులలో ఒక్క అక్షరము మారలేదు. 8వ పోర్టు 10వ వీలాన్‌లోనే, 9వ పోర్టు 20వ వీలాన్‌లోనే ఉన్నవి. అయినను ఆఫీసు కంప్యూటరు ప్రయోగశాలకు, ప్రయోగశాల కంప్యూటరు ఆఫీసునకు చేరినవి. స్విచ్ ఎరుగునది తన పోర్టులనే. తీగ రెండవ కొన ఏ గదిలో ఉన్నదో అది ఎరుగదు.

దీనిని కనిపెట్టుటకు స్విచ్ తాను నేర్చుకొన్న మ్యాక్ పట్టికను చూడవలెను. సిస్కో స్విచ్చులలో ‘షో మ్యాక్ అడ్రస్-టేబుల్’ అను ఆజ్ఞ వీలాన్ సంఖ్య, చిరునామా, పోర్టు సంఖ్య ఈ మూడింటిని ఒకే పంక్తిలో చూపును. ప్రయోగశాలలోని మొదటి కంప్యూటరు చిరునామా 8వ పోర్టు ఎదుట, 10వ వీలాన్‌లో కనబడినచో తీగలు తారుమారైనవని వెంటనే తెలియును. పట్టికలో మ్యాక్ చిరునామాలు వ్రాసికొనుమని చెప్పుటకు కారణము ఇదియే. అయిదు నిమిషములు మౌనముగా ఉన్న యంత్రము ఈ పట్టిక నుండి తొలగును గనుక, చూచుటకు ముందు ప్రతి కంప్యూటరు చేతను ఏదో ఒక ఫ్రేము పంపింపవలెను. ఒక యాక్సెస్ పోర్టు ఎదుట అనుకోని విధముగా పెక్కు చిరునామాలు కనబడినచో, అక్కడ ఎవరో ఒక చిన్న స్విచ్చును తగిలించియుండవచ్చునని అనుమానింపవలెను.

మూడవ సాక్ష్యము: కంప్యూటరు అనుభవము

చివరి పరీక్ష కుర్చీలో కూర్చుండి చేయునది. ఒక్కొక్క వీలాన్‌కు ఒక్కొక్క ఐపీ చిరునామా శ్రేణి కేటాయించుట వాడుక. 10వ వీలాన్‌కు 10.1.10, 20వ వీలాన్‌కు 10.1.20 తో మొదలగు చిరునామాలు ఇచ్చినారనుకొందము. చిరునామాలను పంచు డిహెచ్‌సిపి ఏర్పాటు ఉన్నచో, కంప్యూటరునకు లభించిన చిరునామాను బట్టి అది ఏ వీలాన్‌లో ఉన్నదో ఊహింపవచ్చును. చిరునామాను చేతితో వ్రాసియుంచిన యంత్రము మాత్రము ఏ వీలాన్‌లో ఉన్నను అదే చిరునామా చూపును. కావున ఇది సూచన మాత్రమే.

‘పింగ్’ అను ప్రోగ్రాముతో వేరొక యంత్రమును పలుకరించుట అందరికి తెలిసిన పరీక్ష. జవాబు వచ్చినంత మాత్రమున రెండును ఒకే వీలాన్‌లో ఉన్నవని చెప్పరాదు. రెండు వీలాన్‌లను కలుపు రౌటరు ద్వారా కూడ జవాబు రావచ్చును. జవాబుతో పాటు కనబడు టిటిఎల్ సంఖ్యను చూడవలెను. ఇది చాల యంత్రములలో 64 తో గాని, 128 తో గాని మొదలగును. ఒక్కొక్క రౌటరును దాటునపుడు ఒకటి చొప్పున తగ్గును. 64 లేక 128 తరుగక వచ్చినచో జవాబు రౌటరును దాటలేదు. 63 లేక 127 వచ్చినచో నడుమ ఒక రౌటరు కలదు.

జవాబు రానిచో అడ్డుగోడ దృఢముగా ఉన్నదని సంతోషింపరాదు. ఆ యంత్రము ఆగియుండవచ్చును. దాని ఫైర్‌వాల్ పింగ్‌కు బదులీయకుండ ఆపియుండవచ్చును. అందుచేత ముందుగా ఆఫీసులోని ఒక కంప్యూటరు నుండి రెండవ ఆఫీసు కంప్యూటరును పలుకరించి, అది జవాబిచ్చునని నిశ్చయించుకొనవలెను. తరువాత ప్రయోగశాల నుండి దానినే పలుకరింపవలెను. అప్పటి మౌనమునకు మాత్రమే అర్థము కలదు. రసాయన శాస్త్ర ప్రయోగములలో పోలికకై ఒక పరీక్షనాళికను వేరుగా ఉంచు పద్ధతి వంటిదే ఇది.

వినుట ఇంతకంటె బలమైన పరీక్ష. ‘వైర్‌షార్క్’ వంటి ప్రోగ్రామును ప్రయోగశాల కంప్యూటరులో నడిపి, కొంతసేపు చాటింపు ఫ్రేములను గమనింపవలెను. వానిని పంపిన యంత్రములన్నియు 10.1.20 శ్రేణికి చెందినవే కావలెను. 10.1.10 శ్రేణిలోని యంత్రము చాటింపు ఒక్కటి వినబడినను ఎక్కడనో కన్నము ఉన్నదని అర్థము. ఇట్లు వినుటకు ఆ నెట్‌వర్కు బాధ్యులైనవారి అనుమతి ఉండి తీరవలెను.

ట్రంకు వద్ద జాగ్రత్త

లాండ్రీకి రెండు శాఖలున్నవని తలపుడు. గుర్తు ఊడిపోయిన బట్ట వచ్చినచో అది మొదటి ఇంటిదని ఒక శాఖవారును, అయిదవ ఇంటిదని రెండవ శాఖవారును భావించినచో బట్టలు ఒక ఇంటి నుండి వేరొక ఇంటికి పోవును. ట్రంకు రెండు కొనలయందు నేటివ్ వీలాన్ సంఖ్యలు వేరైనచో సరిగా ఇట్లే ఒక వీలాన్ ఫ్రేములు వేరొకదానిలో కలిసిపోవును. కావున ట్రంకు విషయమున రెండు కొనలను చూచుట తప్పనిసరి. నేటివ్ సంఖ్య, అనుమతింపబడిన వీలాన్‌ల జాబితా రెండువైపుల ఒకటిగా ఉండవలెను. పొరుగు స్విచ్చులు పరస్పరము తమ వివరములు చెప్పుకొను ఎల్‌ఎల్‌డిపి అను పద్ధతికి 2005లో ప్రమాణము ఏర్పడినది. దీనిలో పోర్టు వీలాన్ సంఖ్యను కూడ ప్రకటించు వీలు ఉన్నందున, ఈ భేదము కొన్ని స్విచ్చులలో తనంతట బయటపడును.

ట్రంకులోని ట్యాగులను కంటితో చూడగోరువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. కొన్ని కంప్యూటర్ల నెట్‌వర్కు కార్డులు ట్యాగును తొలగించి ఫ్రేమును పైకి ఇచ్చును. తెరపై ట్యాగు కనబడనంత మాత్రమున తీగలో ట్యాగు లేదని నిర్ణయింపరాదు.

పరీక్ష ముగిసిన పిమ్మట

దోషము సరిదిద్దినవారు ఆ మార్పును స్విచ్ శాశ్వత స్మృతిలో భద్రపరచవలెను. చాల స్విచ్చులలో నడచుచున్న సెట్టింగులు వేరు, భద్రపరచిన సెట్టింగులు వేరు. భద్రపరచనిచో కరెంటు పోయి వచ్చినంతనే పాత దోషము తిరిగి వచ్చును. పట్టికలో తేదీతో మార్పును వ్రాసికొనవలెను. వాడుకలో లేని పోర్టులను మూసివేసి, ఏ యంత్రమును లేని ఒక వీలాన్‌కు చేర్చుట మంచిది. తీగలు కదలించినపుడు, కొత్త స్విచ్ పెట్టినపుడు, సెలవుల తరువాత కళాశాల తెరచినపుడు ఈ పరీక్షను మరల చేయవలెను.

స్విచ్ సౌకర్యము లేని పాఠశాలలో కూడ దీనిలోని కొంత భాగమును బోధింపవచ్చును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై 24 బిట్ల వరుసలు రెండు వ్రాసి, భేదమున్న పోర్టును కనుగొనుమని విద్యార్థులను అడుగవచ్చును. 81 00 తరువాత 00 30 అని వచ్చినచో వీలాన్ సంఖ్య ఎంత అను ప్రశ్న వేయవచ్చును. జవాబు 48 అని చెప్పినవాడు బిట్లను సరిగా చదివినాడు. 30 అని చెప్పినవానికి పదునారు అంకెల లెక్కను మరల ఒకసారి వివరింపవలెను.